ఇంట్లో ఖర్జూర పాకం: ఒక చెంచా లెక్క



పక్క హాల్లో పాటల కార్యక్రమం, కింద చీరల స్టాళ్ళు, ఇంకో గంటలో భోజనాలు. ఇన్ని ఆకర్షణలు వదులుకుని ఖర్జూరం గురించి వినడానికి ఈ గదిలోకి వచ్చారంటే మీకు తీపి మీద ఇష్టమైనా ఉండాలి, షుగర్ జబ్బు మీద భయమైనా ఉండాలి. మన ఇళ్ళల్లో ఈ రెండూ ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తుంటాయి. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ముందుగా నా గురించి రెండు ముక్కలు. నేను వంటవాణ్ణి కాను, డాక్టర్ని అసలే కాను. విశాఖపట్నంలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, అమెరికా వచ్చి, అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డవాణ్ణి. నాలుగేళ్ళు కష్టపడి చదివిన మాస్ బ్యాలెన్సులూ, ఎవాపొరేటర్లూ ఇరవై ఏళ్ళ పాటు ఎందుకూ పనికిరాలేదు. చివరికి వంటింట్లో పనికొచ్చాయి. ఒక చేత్తో గరిట, ఇంకో చేత్తో కాలిక్యులేటర్ పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడితే మా ఆవిడ "మీరు వంట చేస్తున్నారా, ఆడిట్ చేస్తున్నారా?" అంటుంది. ఇవాళ మీ ముందు రెండూ చేస్తాను.

మాది అనకాపల్లి దగ్గర పల్లె. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లి ఒకటని మీకు తెలిసే ఉంటుంది. చలికాలంలో చెరుకు రసం పెనంలో కాగుతుంటే ఆ వాసన ఊరంతా వచ్చేది. అలాంటి చోట పుట్టినవాడు బెల్లం మానేయండి అని చెప్తే ఊళ్ళోకి రానివ్వరు. కాబట్టి నేను ఆ మాట చెప్పడం లేదు. చెరుకు నుంచి బెల్లం, తాటి నీరా నుంచి తాటి బెల్లం, బెంగాలు వాళ్ళకి ఈత నీరా నుంచి బెల్లం. ఇవన్నీ గడ నుంచో, చెట్టు నుంచో తీసిన రసాన్ని కాచి చేసేవి. పండు నుంచి తీపి తీసే అలవాటు మాత్రం మన వైపు పెద్దగా లేదు. మన ఈత చెట్టూ, ఖర్జూరం చెట్టూ ఒకే కుటుంబంలో అక్కచెల్లెళ్ళు. కానీ మన ఈతపండులో గింజే ఎక్కువ, గుజ్జు తక్కువ. పాకం కాచేటంత కండ దానికి లేదు. అరబ్బు దేశాల వారికి ఖర్జూరం పుష్కలంగా ఉంది కాబట్టి వాళ్ళు వేల ఏళ్ళుగా దాని పాకం చేసుకుంటున్నారు. వాళ్ళు దాన్ని దిబ్స్ అంటారు. బహ్రైన్‌లోని పాత కోట తవ్వకాల్లో ఖర్జూరం మూటలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ బరువుకే కారిన పాకం కాలవల్లో పట్టుకునే గదులు బయటపడ్డాయి. పొయ్యి లేదు, మర లేదు. ఎండ, బరువు, వాలు, అంతే. గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసి వచ్చిన మనవాళ్ళు ఈ సభలో ఉంటే దిబ్స్ రుచి వాళ్ళకి కొత్త కాదు.

ఇక మన అమెరికా సంగతి. ఇక్కడ దుకాణాల్లో దొరికే మెజూల్ ఖర్జూరం కథ వింటే మన కథలాగే ఉంటుంది. మొరాకోలో ఖర్జూరం తోటలకి బయూద్ అనే తెగులు పట్టింది. 1927లో వాల్టర్ స్వింగిల్ అనే అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త అక్కడి బూ డెనిబ్ అనే ఒయాసిస్సు నుంచి పదకొండు పిలకలు తెచ్చాడు. తెగులు వెంట వచ్చిందేమోనని వాటిని నేరుగా కాలిఫోర్నియా తోటల్లోకి రానివ్వలేదు. నెవాడాలో, చుట్టుపక్కల ఇంకో ఖర్జూరం చెట్టు లేని చోట, ఏళ్ళ తరబడి విడిగా పెంచారు. అందులో తొమ్మిది బతికాయి. 1936లో వాటి పిల్లల్ని కాలిఫోర్నియాలో ఇండియో అనే ఊరికి తెచ్చి నాటారు. కోచెల్లా లోయలో ఇవాళ కనిపించే మెజూల్ తోటలు ఆ తొమ్మిది చెట్ల సంతానమే. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసిన మన మిత్రులు ఆ తొమ్మిది పిలకల బాధ అర్థం చేసుకోగలరు.

సరే, వంటలోకి వద్దాం.

ఖర్జూరంతో ఇంట్లో రెండు రకాల తీపి చేసుకోవచ్చు. ఒకటి ముద్ద, రెండోది పాకం. పండంతా రుబ్బితే ముద్ద. పండుని ఉడికించి, పిండి, పిప్పి తీసేసి, రసాన్ని కాచితే పాకం. రెండూ ఖర్జూరమే కదా అని ఒకే గాటన కట్టకండి. నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఈ రెంటి మధ్య ఉన్న తేడాలోనే ఉంది.

ఏది చేసినా మొదటి పని ఒకటే. ప్రతి ఖర్జూరాన్నీ కడిగి, నిలువుగా చీల్చి, గింజ తీసి, లోపల చూడండి. బయటికి నిగనిగలాడే పండులో కూడా ఒక్కోసారి పురుగు ఉంటుంది, లేదా నల్లటి బూజు పొడి ఉంటుంది. అలాంటిది మొహమాటం లేకుండా పారెయ్యండి. గింజ తీసినవి అని రాసి ఉన్న ప్యాకెట్ కొన్నా ఈ పని తప్పదు.

ముందు ముద్ద. గింజ తీసిన మెజూల్ ఖర్జూరం 250 గ్రాములు, అంటే పండు సైజుని బట్టి పది, పన్నెండు పండ్లు. వాటి మీద అరకప్పు వేడినీళ్ళు, అంటే 120 మిల్లీలీటర్లు పోసి అరగంట మూత పెట్టండి. ఆ నీళ్ళు పారబొయ్యకుండా వాటితోనే మిక్సీలో మెత్తగా రుబ్బండి. అయిపోయింది. ఇంత సులువైన పనికి కన్వెన్షన్‌లో ప్రసంగం కూడానా అనకండి, కష్టమైనది వస్తోంది. ఈ ముద్ద ఫ్రిజ్‌లో వారం, పదిరోజులు ఉంటుంది. ఇంకా ఎక్కువ చేసుకుంటే ఐస్ ట్రేలో గడ్డ కట్టించి దాచుకోండి, కావలసినప్పుడు రెండు ముక్కలు తీసుకోవచ్చు.

ఇప్పుడు పాకం. గింజ తీసిన ఖర్జూరం అరకిలో, నీళ్ళు ఒక లీటరు. మామూలు గిన్నెలో అయితే సన్నని సెగ మీద ముప్పావుగంట, ఇన్‌స్టంట్ పాట్‌లో అయితే పదిహేను నిమిషాలు ఉడికించండి. పండు పూర్తిగా మెత్తబడాలి. చేత్తో పట్టుకునేంత చల్లారాక పలుచటి నూలు గుడ్డలో పోసి పిండండి. గుడ్డ ఎక్కడ దొరుకుతుందని అడుగుతారేమో, ఇండియా నుంచి వచ్చిన నాన్నగారి పాత పంచె ముక్క కంటే మంచిది నాకు ఇంతవరకు కనబడలేదు. శుభ్రంగా ఉతికి, వేడినీళ్ళలో ఉడికించి వాడండి.

ఒకసారి పిండాక పిప్పిలో ఇంకా చాలా తీపి మిగిలి ఉంటుంది. దాని మీద ఇంకో అరలీటరు వేడినీళ్ళు పోసి, బాగా కలిపి, పది నిమిషాలాగి మళ్ళీ పిండండి. మొదటే లీటరున్నర పోసి ఒకేసారి పిండితే సరిపోదా అంటే, సరిపోదు. అన్ని నీళ్ళనే రెండు విడతలుగా వాడితే ఎక్కువ తీపి బయటికి వస్తుంది. బట్టల సబ్బు వదలడానికి ఒక పెద్ద బకెట్ నీళ్ళలో ఒకసారి ముంచడం కంటే రెండు చిన్న బకెట్లలో జాడించడం మేలని మన అమ్మమ్మలకి తెలుసు. దాన్నే మాకు కాలేజీలో ఒక సెమిస్టరంతా సమీకరణాలతో చెప్పారు.

రెండు విడతల రసాన్నీ కలిపి, మరోసారి వడకట్టి, వెడల్పాటి గిన్నెలో కాచండి. వెడల్పు ముఖ్యం. నీరు ఆవిరయ్యేది పై తలం నుంచే కాబట్టి లోతు గిన్నెలో గంటలు పడుతుంది. మొదట్లో మంట పెద్దగా పెట్టవచ్చు. చిక్కబడుతున్నకొద్దీ తగ్గించి, కలుపుతూ ఉండాలి. ఖర్జూరంలోని చక్కెర పంచదార కంటే త్వరగా రంగు మారి, చేదెక్కుతుంది. ఆఖరి పది నిమిషాలు ఫోను పక్కన పెట్టెయ్యండి. ఆ సమయంలో ఆన్‌సైట్ కాల్ వచ్చినా ఎత్తకండి.

ఎప్పుడు దింపాలి? పుస్తకాల్లో చెంచాకి అంటుకున్నప్పుడు అని రాస్తారు. వేడిగా ఉన్న పాకం ఎప్పుడూ పలచగానే కనబడుతుంది. ఇంకా పలచగా ఉంది కదా అని కాస్తూ పోతే చల్లారాక జీళ్ళ పాకంలా తయారవుతుంది. అందుకని నేను కంటిని నమ్మను, తూకాన్ని నమ్ముతాను. ఖాళీ గిన్నె బరువు ముందే చూసి కాగితం మీద రాసుకోండి. లోపలి పాకం బరువు మీరు తీసుకున్న ఖర్జూరం బరువులో ముప్పాతిక వంతుకి, అంటే అరకిలోకి 375 గ్రాములకి వచ్చినప్పుడు దింపెయ్యండి. చల్లారాక చూస్తే తేనెలా సాగుతూ ఉంటుంది. కప్పుకి కొంచెం ఎక్కువ వస్తుంది. వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. తడి చెంచా పెట్టకపోతే నెలరోజులు ఉంటుంది.

మిగిలిన పిప్పి పారెయ్యకండి. ఖర్జూరంలోని పీచు దాదాపు అంతా అందులోనే ఉండిపోయింది. అరకిలో మెజూల్ ఖర్జూరంలో సుమారు 33 గ్రాముల పీచు ఉంటుంది. చింతపండు, జీలకర్ర, ఎండుమిర్చి వేసి రుబ్బితే మంచి చట్నీ అవుతుంది. చపాతీ పిండిలో గుప్పెడు కలిపినా బాగుంటుంది, పిల్లలు పసిగట్టరు.

ఇప్పుడు ఆడిట్.

అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 100 గ్రాముల మెజూల్ ఖర్జూరంలో సుమారు 66 గ్రాములు చక్కెరే. పీచు 7 గ్రాముల లోపు, మిగిలినది ఎక్కువగా నీరు. మూడింట రెండు వంతులు చక్కెర ఉన్న పండు అన్నమాట. అరకిలోలో సుమారు 330 గ్రాముల చక్కెర. మనం రెండు విడతలుగా పిండినప్పుడు అందులో ముప్పాతిక వంతు బయటికి వచ్చిందనుకుందాం, అంటే 250 గ్రాములు. ఆ 250 గ్రాములూ 375 గ్రాముల పాకంలో ఉన్నాయి. ఒక పెద్ద చెంచా పాకం సుమారు 20 గ్రాములు తూగుతుంది. అందులో చక్కెర 13 గ్రాములు.

ఒక పెద్ద చెంచా పంచదారలో ఎంత ఉంటుంది? పన్నెండున్నర గ్రాములు.

ఇంకోసారి చెప్తాను. చెంచాకి చెంచా పోలిస్తే మనం ఇంత కష్టపడి చేసిన ఖర్జూర పాకంలో పంచదార కంటే చక్కెర తక్కువ లేదు, రవ్వంత ఎక్కువే ఉంది. అది ఏ రకం చక్కెర? గ్లూకోజ్, ఫ్రక్టోజ్, దాదాపు చెరి సగం. మనం తిన్న పంచదార కడుపులో విరిగితే వచ్చేవి కూడా ఈ రెండే, అదీ చెరి సగమే. పంచదారకి పెట్టిన పేరు వేరు, దీనికి పెట్టిన పేరు వేరు. రక్తంలోకి వెళ్ళాక ఎవరి పేరూ ఎవరూ అడగరు.

ముద్ద లెక్క కొంచెం నయం. 250 గ్రాముల ఖర్జూరానికి 120 గ్రాముల నీరు చేరింది కాబట్టి ముద్దలో చక్కెర నూటికి 45 పాళ్ళు. పెద్ద చెంచా ముద్దలో 9 గ్రాములు. పైగా పీచు పోలేదు. అంటే పంచదార స్థానంలో అన్నే చెంచాల ముద్ద వేస్తే చక్కెర పావు వంతు పైగా తగ్గుతుంది. అంతే. మాయం కాదు, తగ్గుతుంది.

ఇంత లెక్క ఎందుకు అంటారా? ఒక చిన్న సంగతి చెప్తాను. ఒక ఏడాది మా ఊళ్ళో సంక్రాంతి సంబరాలకి అందరూ తలో వంటకం తెచ్చారు. ఒక అమ్మాయి ఎంతో శ్రద్ధగా ఖర్జూరం, బాదం, జీడిపప్పు లడ్డూలు చేసి తెచ్చి, పెద్దవాళ్ళ కోసం చీటీ కూడా పెట్టింది, "నో షుగర్" అని. ఆ అమ్మాయి అబద్ధం రాయలేదు, నిజంగానే పంచదార వెయ్యలేదు. అప్పుడు మా నాన్నగారు మా దగ్గరే ఉన్నారు. పదిహేనేళ్ళుగా షుగర్ ఉన్న మనిషి. పండగ పూట కూడా అందరూ తన పళ్ళెం వైపే చూస్తారని, మిఠాయిల బల్ల దగ్గరికి వెళ్ళడమే మానేసిన మనిషి. ఆ చీటీ చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఒకటి కాదు, మూడు తిన్నారు. ఒక్కో లడ్డూలో ఒకటిన్నర ఖర్జూరం వేసుకున్నా 24 గ్రాముల చక్కెర. మూడింటికి 72. అంటే 18 చిన్న చెంచాల పంచదార. మామూలుగా భోజనం తర్వాత 160 ప్రాంతంలో ఉండే ఆయన అంకె ఆ రాత్రి 240 దాటింది. "చీటీ మీద లేదని రాశారు కదరా" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. చాలా కాలానికి దొరికిన ఒక చిన్న సంతోషం కూడా లెక్కలోకి వచ్చేసిందన్న నిరాశ ఉంది. మర్నాటి నుంచి మళ్ళీ మిఠాయిల బల్ల వైపు వెళ్ళలేదు.

అందుకే ఈ లెక్క. ఇది ఒక్క మా నాన్నగారి సంగతి కాదు. భారతదేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. మన శరీరాలకి తక్కువ బరువులోనే ఈ జబ్బు వస్తుందని గమనించి, ఆసియా సంతతి వారికి బి.ఎం.ఐ. 23 దాటితేనే పరీక్ష చెయ్యాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెప్తోంది. మిగతావారికి ఆ హద్దు 25. ఈ గదిలో ఎంతమంది 23 దాటారో చేతులెత్తమని అడగను, నా చెయ్యే ముందు లేస్తుంది.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్నలు నాకు తెలుసు. అన్ని చోట్లా ఇవే అడుగుతారు.

మొదటిది: "ఖర్జూరం గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువట కదండీ?" నిజమే. యు.ఎ.ఇ.లో అయిదు రకాల ఖర్జూరాల మీద చేసి 2011లో ప్రచురించిన పరిశోధనలో అది 50కి అటూ ఇటూగా వచ్చింది. కానీ ఆ పరీక్ష పండుతో చేసింది, పీచు తీసేసి కాచిన మన పాకంతో కాదు. పైగా ఆ అంకె తీపి ఎంత నిదానంగా ఎక్కుతుందో చెప్తుంది కానీ, మీరు ఎన్ని తిన్నారో దానికి తెలియదు. మెల్లగా నడిచే బస్సు కూడా ఎక్కువసేపు నడిస్తే హైదరాబాదు చేరుతుంది.

రెండోది: "ఇది సహజమైనది కదా?" ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో కలిపిన చక్కెరలతో పాటు తేనె, పాకాలు, పండ్ల రసాలు, వాటి గాఢ రూపాల్లో ఉన్న చక్కెరని కూడా ఒకే లెక్కలో వేసింది. రోజు మొత్తం కేలరీల్లో అది పది శాతం లోపు ఉండాలి, అయిదు శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని చెప్పింది. రెండు వేల కేలరీలు తినేవారికి పది శాతం అంటే 50 గ్రాములు, అయిదు శాతం అంటే 25 గ్రాములు. మన పాకం రెండు పెద్ద చెంచాలు వేసుకుంటే ఆ 25 దాటిపోయింది. బ్రిటన్ వాళ్ళయితే రుబ్బిన పండ్ల ముద్దని కూడా ఇదే లెక్కలో వేస్తారు. కొరికి, నమిలి తినే పండు మాత్రం ఈ లెక్కలోకి రాదు. కాబట్టి అన్నిటికంటే మంచి ఖర్జూరం వంటకం ఏదంటే, ఒక ఖర్జూరం.

మూడోది, మన పెద్దవాళ్ళు అడిగేది: "ఖర్జూరం తింటే రక్తం పడుతుంది కదా బాబూ?" 100 గ్రాముల ఖర్జూరంలో ఇనుము సుమారు ఒక మిల్లీగ్రాము. పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవారికి ఇక్కడి ప్రమాణాల ప్రకారం రోజుకి 18 మిల్లీగ్రాములు కావాలి. ఆ లెక్కన రక్తం పట్టేలోగా కిలోలకి కిలోలు ఖర్జూరం తినాలి. అందులో నిజంగా దండిగా ఉన్నది పొటాషియం, 100 గ్రాములకి దాదాపు 700 మిల్లీగ్రాములు. మామూలు వారికి అది మంచిదే. కిడ్నీ జబ్బు ఉండి డాక్టరు పొటాషియం తగ్గించమన్నవారు మాత్రం ముద్ద అయినా, పాకం అయినా అడిగి తినాలి.

ఇంత చెప్పాక, మరి ఎందుకయ్యా ఈ శ్రమంతా అని అడగడం న్యాయం. నేను ఇప్పటికీ రెండు నెలలకి ఒకసారి పాకం కాస్తాను. ముద్ద మా ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉంటుంది. ఎందుకంటే పంచదారకి తీపి తప్ప ఇంకే రుచీ లేదు. ఖర్జూరానికి తనదైన వాసన, చిక్కదనం ఉన్నాయి. అందువల్ల తక్కువతో తృప్తి కలుగుతుంది. ఇంకో కారణం, మన చేతులతో అరకిలో పండ్లు ఒలిచి, పిండి, గంటసేపు కాచి ఒక్క సీసా చేసుకున్నాక దాన్ని గరిటెలతో వడ్డించం. చెంచాతో కొలుస్తాం. అయిదు పౌండ్ల పంచదార సంచికి ఎవరూ అంత మర్యాద ఇవ్వరు.

ఇక ఏ పిండివంటకి ఏది పనికొస్తుందో చెప్తాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి.

బొబ్బట్లకి ముద్ద చక్కగా కుదురుతుంది. తెలంగాణ మిత్రులు భక్ష్యాలు అనుకోండి. కప్పు శనగపప్పు ఉడికించి, నీళ్ళు పూర్తిగా వంచేసి, రుబ్బి, కప్పు ముద్ద కలిపి గట్టిపడేదాకా మగ్గించండి. యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. ఇరవై బొబ్బట్లు చేస్తే పూర్ణంలో చక్కెర ఒక్కోదానికి సుమారు ఏడు గ్రాములు. కప్పు బెల్లంతో అయితే ఎనిమిది, తొమ్మిది గ్రాములు పడుతుంది. తేడా కొంచెమే. ముద్ద ముప్పావు కప్పే వేస్తే అయిదుకి దిగుతుంది, రుచికి లోటు ఉండదు. పిండిలో, పప్పులో ఉన్న పిండిపదార్థం లెక్క వేరే ఉంటుందని మర్చిపోకండి.

పరమాన్నానికి పాకం గానీ, ముద్ద గానీ బాగుంటుంది. కానీ పాలు మరుగుతుండగా వేస్తే విరిగిపోవచ్చు. బెల్లం వేసేటప్పుడు మన అమ్మలు చేసినట్టే పొయ్యి మీంచి దింపి, కాస్త చల్లారాక కలపండి. నువ్వుల ఉండలకీ, సున్నుండలకీ ముద్ద సరిపోతుంది. ముద్దలో తడి ఉంటుంది కాబట్టి మామూలు సున్నుండల్లా డబ్బాలో నెలరోజులు నిలవ ఉండవు. ఫ్రిజ్‌లో పెట్టుకుని నాలుగైదు రోజుల్లో తినెయ్యాలి. కేకులకి వాడితే అవెన్ వేడి 25 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గించండి, లేకపోతే లోపల ఉడికేలోగా పైన నల్లబడుతుంది.

అరిసెల జోలికి మాత్రం పోకండి. అరిసె నిలబడేది బెల్లం పాకం మీద. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజ్. నీళ్ళలో వేసి చూస్తే ఉండ కట్టే ఆ పాకం మెజూల్ ఖర్జూరంతో రాదు, ఎందుకంటే అందులో సుక్రోజ్ దాదాపు లేదు. పూతరేకులకీ పనికిరాదు, తడి తగిలితే రేకు కరిగిపోతుంది. ఉగాది పచ్చడిలో కొత్త బెల్లం కొత్త బెల్లమే. ఏడాదికి ఒక్కసారి తినే అరిసెని మార్చడం కంటే, అరిసెని అరిసెలాగే చేసి ఒకటే తినడం మంచిది.

చివరిగా ఒక మనవి. రెసిపీ మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి. ఈసారి మీ ఊళ్ళో దీపావళికో, ఉగాదికో ఖర్జూరంతో ఏదైనా చేసి తీసుకెళ్ళినప్పుడు చీటీ మీద "నో షుగర్" అని రాయకండి. "పంచదార వెయ్యలేదు, ఒక్కో ఉండలో ఒకటిన్నర ఖర్జూరం ఉంది" అని రాయండి. ఇంకో వాక్యం రాయడానికి పది సెకన్లు పడుతుంది. అది చదివిన పెద్దాయన మూడు తినడు, ఒకటి తింటాడు. కానీ ఆ ఒక్కటీ భయం లేకుండా, తన లెక్క తనకి తెలిసి, అందరితో పాటు నిలబడి తింటాడు. ఉండలు కొంచెం చిన్నవిగా, ఒక్క ఖర్జూరంతో చేస్తే మరీ మంచిది. మందులు వాడేవారు ఆ ఒక్కదాన్ని భోజనంలో ఎక్కడ సర్దుకోవాలో వాళ్ళ డాక్టరుతో మాట్లాడుకుంటారు. అది వాళ్ళ హక్కు. ఆ హక్కుకి కావలసిన అంకె ఇవ్వడం వండినవాళ్ళ బాధ్యత.

భోజనాల గంట కొట్టే లోపు ముగిస్తానని నిర్వాహకులకి మాట ఇచ్చాను.  బల్ల మీద ముద్ద, పాకం రెండూ పెట్టాను. పక్కనే చెంచాలూ, చీటీలూ ఉన్నాయి. రుచి చూడండి, చీటీ చదవండి.

సెలవు.